పెట్టెపై ఊరి పేరు: సోఆవే ద్రాక్షాసవమునుండి మనకొక పాఠము

పండించినవాని శ్రమకు తగిన వెల రావలెనన్నచో సరకు మంచిదైన మాత్రమున చాలదు. అది ఎచ్చటిదో కొనువానికి తెలియవలెను. ఇటలీ దేశపు తెల్లని ద్రాక్షాసవ మొకదాని చరిత్రము ఈ విషయమున మనకు పనికివచ్చును.

వెరోనా పట్టణమునకు తూర్పున సోఆవే యను ఊరు కలదు. అచ్చటి కొండవాలులందు గార్గానెగా అను ద్రాక్ష పండును. దాని ఆసవమును పరీక్షించువారు మొదట గాజుపాత్రను వెలుతురున కెత్తి వన్నె చూతురు. పిమ్మట వాసన చూతురు. అటుపై నొక గ్రుక్క నోట నిలిపి పులుపును, మ్రింగిన పిదప నాలుకపై నిలుచు రుచిని గమనింతురు. మంచి సోఆవే లేత పసుపువన్నె కలిగి, బాదముపప్పువంటి చిరుచేదుతో ముగియును.

1968లో ఈ పేరునకు చట్టరీత్యా హద్దు లేర్పడెను. ఆసవమున గార్గానెగా నూటికి 70 పాళ్లకు తగ్గరాదు. అయితే ఆ హద్దులలో కొండలేగాక మైదానపు పొలములును చేరెను. దిగుబడి పెరిగెను, పేరు చవుకబారెను. అయినను పాత కొండపొలముల సరకునకు మాత్రమే "క్లాసికో" అను మాట చేర్చుకొను హక్కు కలదు. ఆ యొక్కమాటయే పుట్టినచోటి రైతును కాపాడుచున్నది.

ఇక మన సంగతి విచారింతము. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము 2003లో అమలునకు వచ్చెను. దాని క్రింద బనగానపల్లె మామిడి 2017లో నమోదయ్యెను. బనగానపల్లె, పాణ్యము, నంద్యాల మండలములు ఈ పండునకు జన్మస్థానములుగా అందు పేర్కొనబడినవి. కోస్తా జిల్లాలును, తెలంగాణమున ఖమ్మము మొదలగునవియు చేరియున్నవి. రక మొక్కటియే గనుక ఇది అన్యాయము కాదు. కాని ఆ పేరొక్కటియే జన్మస్థానపు పండును వేరుపరచి చూపజాలదు.

వరి విషయమును ఇట్టిదే. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములందు కె.సి. కాలువ క్రింద పండు బి.పి.టి. 5204 రకము బాపట్లలో రూపొంది 1986లో విడుదలయినది. బజారులో దానికి "కర్నూలు సోనా" అని ప్రఖ్యాతి. బస్తాపై "సోనా" అని మాత్రము వ్రాసినచో రకమును తెలియదు, నేలయు తెలియదు.

కావున సంఘసభ్యులు ఈ మూడు పనులు చేయవలెనని కోరుచున్నాము.

మొదటిది: పెట్టెపైనను బస్తాపైనను గ్రామము, మండలము, రకము, కోసిన తేది స్పష్టముగా ముద్రింపవలెను.

రెండవది: సరకు బయలుదేరకముందే రుచి చూడవలెను. ప్రతి రాశినుండి కొంత బియ్యము వండి, మెతుకు విడివడుట, వాసన, నమలునప్పటి రుచి గమనించి, చల్లారిన పిదప మరల చూడవలెను. మామిడి నాలుగుకాయలు గడ్డిలో మాగవేసి కోసి చూడవలెను. కార్బైడుతో మాగబెట్టుట చట్టవిరుద్ధము. పరీక్షకు నిలువని సరకుపై ఊరి పేరు వేయరాదు. ఒకడు పంపిన లేతకాయ ఊరందరి వెలను తగ్గించును.

మూడవది: పేరు నమోదయినంత మాత్రమున ప్రతిరైతునకును హక్కు సిద్ధింపదు. అధీకృత వినియోగదారుగా ఎవరికి వారు దరఖాస్తు చేసికొనవలెను. నమోదు పదేండ్లే చెల్లును; గడువు తీరకముందే పునరుద్ధరింపవలెను.

రాబోవు కోతకు ముందుగనే చీటీపై వ్రాయవలసిన మాటలను సభలో నిర్ణయించుకొనుట మేలు. మన ఊరి పేరును మనము వ్రాసికొననిచో, దాని వెలను ఇతరులు పొందుదురు.