సింగపూరు కుక్కల పిడుదు జ్వరము

పిడుదును జూడని విద్యార్థి మనలో నొక్కఁడును నుండఁడని తలఁచెదము. పశువుల పొదుగులయందును, కుక్కల చెవుల వెనుకను, కాలివ్రేళ్ల సందులయందును ఇది కఱచికొని యుండును. కొన్ని తావులందు దీనిని గోమారి యందురు. పురుగని వాడుకగాఁ జెప్పుచున్నను, ఇది యీఁగవలెఁగాని దోమవలెఁగాని కీటకజాతిలోనిది కాదు. సాలెపురుగునకును తేలునకును చుట్టము. పెరిగిన పిడుదునకు ఎనిమిది కాళ్లుండుటయే యందులకు గుఱుతు. ఇంత చిన్న ప్రాణివలన నొక ద్వీపమునందలి బలిష్ఠములైన కుక్క లెట్లు నశించెనో చదువరులకుఁ దెలుపఁ దలఁచితిమి.

సింగపూరు ద్వీపము భూమధ్యరేఖ కుత్తరముగా సుమారు 140 కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చటఁ జలికాల మనునది లేదు. ఏఁడాది పొడవునను ఎండయు, వానయు, ఉక్కయే. 1963వ సంవత్సరమున నచ్చటి బ్రిటిషు సైనిక స్థావరములలోని కుక్కల కొక వింతరోగము సోఁకెను. మొదట జ్వరము వచ్చును, కుక్క తిండి మానును, నానాఁటికి చిక్కిపోవును. కొన్నింటికి దెబ్బ యేమియుఁ దగులకయే ముక్కునుండి రక్తము ధారగాఁ గాఱును. ఆల్సేషన్ జాతి కుక్కల నీ రోగము తక్కినవానికంటె హెచ్చుగా బాధించును.

రోగముగల కుక్కల రక్తమును పరీక్షింపఁగా ఎఱ్ఱకణములును, తెల్లకణములును, రక్తమును గడ్డకట్టించు సూక్ష్మఫలకములును, మూఁడును తగ్గియుండెను. ఈ మూఁటికిని జన్మస్థానము ఎముకలలోని మూలుగ. అది చెడిన కుక్క బ్రదుకుట దుర్లభము. కారణము తెలియనందున వైద్యులు లక్షణమును బట్టి, ఉష్ణదేశములలోఁ గుక్కల రక్తకణములన్నియుఁ దగ్గు రోగమను నర్థము వచ్చునట్లు దానికి నామకరణము చేసిరి. పేరు పెద్దదే; కాని పేరు పెట్టుట వేఱు, కారణ మెఱుఁగుట వేఱు. తరువాతఁ గొలఁది యేండ్లలో వియత్నాము యుద్ధమునకుఁ గొనిపోఁబడిన అమెరికా సైన్యపుఁ గుక్కలలో రెండువందలకు మించి యీ రోగముననే చచ్చెను. 1969 ప్రాంతమున అమెరికా సైనికవైద్య పరిశోధకులు దీనికి ఎర్లికియా కానిస్ అను సూక్ష్మజీవి కారణమని నిర్ణయించిరి. నిజమున కా సూక్ష్మజీవి క్రొత్తది కాదు. 1935లోనే అల్జీరియా దేశమున డోనాషియన్, లెస్టోకార్ అను ఫ్రెంచి పండితులు పిడుదులు పట్టిన కుక్కల తెల్లకణములలో దానిని జూచి వర్ణించియుండిరి.

దీనిని మోయునది గోధుమవన్నె కుక్కపిడుదు. పెక్కు జాతుల పిడుదులు గడ్డిలోను పొదలలోను కాచుకొని యుండఁగా, ఇది మాత్రము కుక్క యున్న యింటినే తన యిల్లు చేసికొనును. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లకు ఆఱు కాళ్లే. అది కుక్కమీఁది కెక్కి రక్తము త్రావి, క్రిందఁ బడి, గోడసందున దాఁగి, చర్మము విడిచి యెనిమిది కాళ్ల పిల్లయగును. మరల నొక కుక్కను బట్టి, మరల రాలి, మరల చర్మము విడిచి పెద్దదగును. ఇట్లు మూఁడుమాఱులు కుక్క కావలెను; మూఁడుమాఱులును వేర్వేఱు కుక్కలు కావచ్చును. కడుపునిండిన యాఁడుది వేలకొలఁది గ్రుడ్లు పెట్టును. వెచ్చని తావున నీ చక్రమంతయు రెండు మూఁడు మాసములలోఁ దిరుగును. చలి దేశములలో శీతకాలము దీని నాఁపును గాని, సింగపూరువంటి చోట నాఁపువా రెవరు?

ఇచ్చట నొక విశేషము గమనింపఁదగినది. ఎర్లికియా తల్లిపిడుదునుండి గ్రుడ్డునకుఁ బోదు. అప్పుడే పుట్టిన పిడుదుపిల్ల నిర్దోషి! రోగముగల కుక్క రక్తము త్రావినప్పుడే దానికి విషమంటును. తరువాతి దశలో మఱియొక కుక్కను గఱచి, కొన్ని గంటలలోనే, దాని కంటించును. కావున రోగపు నిలువ కుక్కలోనే యున్నది. పిడుదు మోఁతకాఁడు మాత్రమే.

ఆ నిలువ యెట్టి కుక్కలో నున్నదో కన్నులకుఁ గానరాదు. కఱచిన రెండు మూఁడు వారములకు వచ్చిన జ్వరము, మందు లేకున్నను, నెలలోపల దానంతటఁ దగ్గవచ్చును. కుక్క తినును, ఆడును, తోఁక యూఁచును. యజమాని సంతసించును. సూక్ష్మజీవి మాత్రము ప్లీహమున దాఁగి నెలలో, ఏండ్లో గడపి, కొన్ని కుక్కలలోఁ దుదకు మూలుగను జెఱచును. మా యభిప్రాయమున నీ రోగమునందలి మిక్కిలి చెడ్డగుణ మిదియే. తొలిజ్వరమప్పుడే రక్తపరీక్ష చేయించి డాక్సీసైక్లిన్ అను మందు నాలుగు వారములు వైద్యుఁడు చెప్పినట్లు విడువక యిచ్చినచోఁ బెక్కు కుక్కలు బ్రదుకును. నాలుగు దినములకే కుక్క లేచి తిరుగుటఁ జూచి మందు మానువారు కలరు. అది తగదు. మూలుగ చెడినపిదప మందు చాలవఱకు నిష్ఫలము. దీనికి టీకాయు లేదు.

జ్వరము వచ్చిన కుక్క కెల్ల ఈ మందే చాలు ననుకొనరాదు. పిడుదులు మోయు రోగములు పెక్కు. వానిలో నొకటి మనకు దగ్గఱఁగానే కనుఁగొనఁబడినది. 1910లో పాటన్ అను శాస్త్రజ్ఞుఁడు మదరాసు వేటసంఘపుఁ గుక్కల రక్తమున నొక క్రొత్త పరాన్నజీవిని జూచి ప్రకటించెను. దానిని నేఁడు బబీసియా గిబ్సోని యందురు. ఇది ఎఱ్ఱకణములలోఁ జొచ్చి వానిని బగులఁగొట్టును, చిగుళ్లు తెల్లఁబాఱును. దీనికి మందు వేఱు. ఒకే కుక్కకు రెండు రోగములును గలిసి వచ్చుటయుఁ గలదు. ఊహించి మందు వేయుటకంటె నొక రక్తపుబొట్టును సూక్ష్మదర్శినిక్రిందఁ జూపించుట మేలు.

పిడుదును దీసి పెరటిలో విసరివేయుట మన పల్లెలలో వాడుక. అది నడచి మరల గోడఁ జేరును. పారవేసినవాఁడు దానికి సాయము చేసినట్లేయగును. గోటితో నలుపుటయు మంచిది కాదు, ఈ జాతి పిడుదు మనుష్యులకును మచ్చలజ్వరము నంటింపఁగలదు గనుక. చిన్న పట్టుకారుతోఁ జర్మమున కానించి పట్టి, నిదానముగా లాగి, స్పిరిటుగల సీసాలో వేసి మూఁత పెట్టవలెను. పిమ్మట కుక్క పరుండు చోటి గోడల పగుళ్లను సున్నముతోనో సిమెంటుతోనో పూడ్చవలెను. వెదకునప్పుడు నేలను మాత్రమే చూచి లేవరాదు. గోడల పైభాగమును, దూలముల సందులును జూడవలెను. కడుపునిండిన యాఁడుపిడుదు పైకి ప్రాఁకి యచ్చటనే గ్రుడ్లు పెట్టును.