రోజుకు రెండు పుటలు

దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డులు చూస్తే నగరమంతా ఇక్కడే చదువుతోందా అనిపిస్తుంది. అయితే ఆ చదువు పరీక్ష వరకే. ఉద్యోగం రాగానే పుస్తకాలు అటకెక్కుతాయి.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై అవతరించిన మొట్టమొదటి ఆదేశం 'చదువు' అన్నదే. దానికి పరీక్ష తేదీ లేదు. కొంచెమే అయినా విడవకుండా చేసే ఆచరణ అల్లాహ్‌కు అత్యంత ప్రీతికరమని హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ద్వారా మనకు తెలుస్తోంది.

తీరిక లేదంటారా? 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట - ఎల్.బి.నగర్ మెట్రో మొదలైంది. ఎల్.బి.నగర్‌లో రైలెక్కి విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిల్‌సుఖ్‌నగర్ చేరేలోగా ఫోనులోనైనా రెండు పుటలు చదవవచ్చు. మదీనా ముద్రణలో దివ్య ఖుర్ఆన్ 604 పుటలు. రోజుకు రెండు చొప్పున 302 రోజుల్లో పూర్తవుతుంది. తెలుగు అనువాదంతో చదివితే ఇంకా ఆలస్యం కావచ్చు, కానివ్వండి! భావం తెలియని వేగం కన్నా అదే మేలు.

చదువుతుంటే కోపం గురించో, తూకం గురించో, పొరుగువారి హక్కు గురించో ఒక మాట మనసుకు తగులుతుంది. ఆ రోజు దుకాణంలో, ఇంట్లో ఆ మాట ప్రకారం నడిచామా అని ఇషా నమాజు తర్వాత మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. లేదని తేలితే మర్నాడు పుట తిప్పకండి, అదే మళ్ళీ చదవండి.