మొగ దగ్గర ఆగిన బోటు
వైద్య విద్య సీటు కోసం ఎదురుచూసే కుటుంబాలకు నిరీక్షణ పాఠం

చదువుకోవలసిన వాక్యభాగం: అపోస్తలుల కార్యములు 1:15–26



ఏటా వానాకాలంలో మన విచారణలలో కొన్ని ఇళ్లకు నిద్ర ఉండదు. మే నెలలో అమ్మాయి నీట్ పరీక్ష రాసింది. అర్హత వచ్చింది. మెరిట్ జాబితాలో పేరు కూడా ఉంది. మొదటి విడత కౌన్సెలింగులో సీటు రాలేదు. రెండో విడత చూడండి అన్నారు. అదీ అయిపోయింది, ఇంకో విడత ఉందన్నారు. రాలేదని ఏడ్చి ఊరుకోవడానికి లేదు, వచ్చిందని కృతజ్ఞతా పూజ చెప్పించుకోవడానికీ లేదు. ఆదివారం పూజ అయ్యాక గుడి మెట్ల దగ్గర తల్లులు అడిగే మాట ఒకటే: “ఫాదర్ గారూ, మా పిల్లకు వస్తుందంటారా?”

వస్తుందో రాదో చెప్పడం గురువు పని కాదు. అయితే ఎలా ఎదురుచూడాలో చెప్పగలిగిన తల్లి మనకు ఉంది. ఆమె శ్రీసభ. ఈ వారం ఆమె దగ్గర ఆ పాఠం నేర్చుకుందాం.

ఈ ఎదురుచూపు ఎందుకు వస్తుంది?

ముందు విషయం తెలుసుకోవాలి, ఎందుకంటే తెలియని చోట భయం పెరుగుతుంది. 2017 నుండి మన రాష్ట్రంలో ఎం.బి.బి.ఎస్. సీట్లు నీట్ ర్యాంకుల మీదనే ఇస్తున్నారు. ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతాయి, మిగిలిన 85 శాతం రాష్ట్ర కోటా. రాష్ట్ర కోటాను విజయవాడలోని ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం విడతలవారీగా భర్తీ చేస్తుంది. ముందు ర్యాంకు విద్యార్థికి అఖిల భారత కోటాలో సీటు వచ్చినా, ఇంకా మంచి కళాశాలకు మారినా, అసలు చేరకపోయినా అతడు విడిచిన సీటు వెనుక ఉన్నవారికి దిగివస్తుంది. అందువల్లనే ఒక్కో విడతకు ఆశ చిగురిస్తూ ఉంటుంది. ఈ క్రమంలో ఎవరి దయా లేదు, ఎవరి పగా లేదు. ఖాళీ అయిన స్థానం వరుస ప్రకారం నిండుతుంది, అంతే.

ఆశ వేరు, నిరీక్షణ వేరు

13వ శతాబ్దపు వేదపండితుడు పునీత తోమాసు అక్వీనాసువారు నిరీక్షణను చాలా స్పష్టంగా వివరించారు. మనం నిరీక్షించేదానికి నాలుగు లక్షణాలు ఉండాలన్నారు. అది మేలైనదై ఉండాలి. ఇంకా చేతికి రానిదై ఉండాలి. కష్టపడితే గాని దొరకనిదై ఉండాలి. దొరకడానికి వీలైనదై ఉండాలి. ఈ నాలుగింటిలో ఏది లోపించినా దానిని నిరీక్షణ అనలేము.

ఈ కొలతతో మన ఇంటి విషయం చూద్దాం. డాక్టరు కావాలనుకోవడం మేలైన కోరికే. సీటు ఇంకా రాలేదు. అది కష్టసాధ్యమే. మనం దాటవేసేది నాలుగో ప్రశ్న: వీలవుతుందా? నిరుడు మన కేటగిరీలో ఏ ర్యాంకు వరకు సీటు వచ్చిందో, ఏ విడతలో ఆగిందో తెలిసినవారి చేత చూపించుకోండి. ఆ గీతకు కొద్ది దూరంలో ఉంటే ఎదురుచూడడం న్యాయం. వేల ర్యాంకుల దూరంలో ఉంటే అది నిరీక్షణ కాదు, ఉత్త కోరిక. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని లెక్క చూసుకోవాలని లూకా సువిశేషం 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన ఉపమానం ఇక్కడ పనికివస్తుంది. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

నిరీక్షణకు విరోధులు ఇద్దరని కూడా అక్వీనాసువారు చెప్పారు. ఒకటి నిరాశ, రెండోది మితిమీరిన ధీమా. “ఇక నా బ్రతుకు అయిపోయింది” అనేది మొదటిది. “తొమ్మిది రోజుల జపం చేశాం, దేవుడు ఇచ్చి తీరాలి” అనేది రెండోది. జపం మన హృదయాన్ని దేవునికి అప్పగించడానికే గాని, ఆయన చేత సంతకం పెట్టించుకోవడానికి కాదు.

మొగ దగ్గర నేర్చుకునే పాఠం

గిలకలదిండి వారికి ఎదురుచూడడం కొత్త కాదు. మొగలో ఇసుక మేట వేసినప్పుడు పాటు సమయంలో బోటు దాటదు. సరంగు ఎంత నేర్పరి అయినా పోటు వచ్చేవరకు ఆగవలసిందే. తొందరపడితే బోటు మేటలో కూరుకుపోతుంది. అలాగని ఆగిన బోటులో ఎవరూ ఊరికే ఉండరు. ఇంజను చూసుకుంటారు, ఐసు, తాళ్లు, వలలు సరిచూసుకుంటారు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో కూడా వలలు బాగుచేసే చేతులు ఆగవు. ప్రభువు పిలిచిన సమయానికి యాకోబు, యోహానులు చేస్తున్న పని కూడా అదే.

సీటు కోసం ఎదురుచూసే బిడ్డకు కూడా వలలు బాగుచేసుకునే పని ఉంది. కులం, ఆదాయం, ఆరో తరగతి నుండి ఇంటర్ వరకు చదివిన స్టడీ సర్టిఫికెట్లు సిద్ధంగా ఉంచుకోవాలి. బి.సి.–ఎ, బి.సి.–సి, ఎస్.సి. మొదలైన ఏ కేటగిరీ వారైనా తమ పత్రం సరిగా ఉందో లేదో ముందే చూసుకోవాలి. ప్రతి విడతకు వచ్చే నోటిఫికేషన్ స్వయంగా చదవాలి. ఇచ్చిన సీటులో చేరకపోతే ఏమవుతుందో అందులోనే ఉంటుంది. వెబ్ ఆప్షన్లు ఎవరికో అప్పగించకుండా పిల్లలే దగ్గర కూర్చుని పెట్టుకోవాలి. 2023 సెప్టెంబరు 15న మన బందరులోనే 150 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. పేరున్న పాత కళాశాలలు మాత్రమే రాసి, ఇలాంటి వాటిని వదిలేయవద్దు.

చీటి రాని యూస్తు

ఇప్పుడు వాక్యభాగానికి వద్దాం. యూదా స్థానం ఖాళీ అయింది. ప్రభువు జ్ఞానస్నానం పొందిన నాటి నుండి వెంట ఉన్నవారిలో ఇద్దరిని నిలబెట్టారు. ఒకరు మత్తియ, మరొకరు యూస్తు అని పిలువబడిన యోసేపు బర్సబ్బా. ఇద్దరూ అర్హులే. ప్రార్థన చేసి చీట్లు వేశారు. చీటి మత్తియ పేర వచ్చింది.

మనం ఎప్పుడూ మత్తియ గురించే చెప్పుకుంటాం. యూస్తు గురించి ఆలోచించామా? అతనిలో లోపం ఉందని పేతురు అనలేదు. అతడు ప్రభువును ప్రేమించలేదనీ అనలేదు. ఉన్నది ఒక్క స్థానం, అర్హులు ఇద్దరు. అంతే జరిగింది. స్థానం దక్కకపోయినా శిష్యుడుగా ఉండడానికి అతనికి ఏ అడ్డూ లేదు. మీ బిడ్డకు సీటు రాకపోతే ఈ మాట గుర్తు చేయండి: ఎంపిక కాకపోవడం వేరు, అయోగ్యులు కావడం వేరు.

గుంటూరుకు వచ్చిన డాక్టరమ్మ

మన పొరుగునే గుంటూరులో వైద్యసేవ చేసిన సిస్టర్ మేరీ గ్లౌరీ జీవితమంతా ఎదురుచూపులోనే నడిచింది. ఆమె 1887లో ఆస్ట్రేలియాలో పుట్టారు. 1910లో మెల్‌బోర్న్‌లో వైద్య పట్టా పొందారు. 1915లో, ఇండియాలో వైద్యం అందక చనిపోతున్న తల్లులూ పసిబిడ్డల గురించి తెలిపే చిన్న పుస్తకం చదివి, తన పిలుపు ఇదేనని గ్రహించారు. అప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. వెంటనే రాలేకపోయారు. ఆ సంవత్సరాలను వృథా చేయక పైచదువు చదివి, 1919లో ఎం.డి. పట్టా తీసుకున్నారు. 1920లో గుంటూరు చేరి జె.ఎం.జె. సభలో కన్యస్త్రీ అయ్యారు. మఠకన్యలు వైద్యం చేయడానికి సాధారణంగా అనుమతి లేని ఆ రోజులలో పరిశుద్ధ పోపుగారి ప్రత్యేక అనుమతితో రోగులకు సేవ చేశారు.

1943లో ఆమె కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. దేశంలో ఒక కథోలిక వైద్య కళాశాల రావాలన్నది ఆమె కల. 1957లో ఆమె మరణించేనాటికి అది రాలేదు. 1963లో బెంగుళూరులో సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఆమె చూడలేదు. అయినా ఆమె నిరీక్షణ ఓడిపోయిందని ఎవరు అనగలరు? 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

ఇక్కడ తత్వశాస్త్రం చెప్పే ఒక తేడా గుర్తుంచుకుందాం: గమ్యం వేరు, సాధనం వేరు. రోగికి స్వస్థత చేకూర్చడం గమ్యం. ఎం.బి.బి.ఎస్. సీటు ఒక సాధనం. మంచి సాధనమే, కాని ఒక్కటే కాదు. నర్సింగు, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ల్యాబు చదువులు కూడా రోగి మంచం దగ్గరకే తీసుకుపోతాయి. ఇవి ఓడిపోయినవారికి మిగిలే చదువులు కావు.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

మొదటిది: ఎదురుచూపుకు ఒక తేదీ పెట్టండి. చివరి విడత ముగిసిన రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోండి. నీట్ ఎన్నిసార్లు రాయాలన్న పరిమితి ఇప్పుడు లేదు. కాని ఈ ఏటి మార్కులు వచ్చే ఏటి ఎం.బి.బి.ఎస్. ప్రవేశానికి పనికిరావు. మళ్లీ లాంగ్‌టర్మ్ కోచింగా, వేరే చదువా అన్నది బిడ్డ మనసును, ఇంటి అప్పును కలిపి చూసి తేల్చుకోండి.

రెండవది: దళారులను గడప ఎక్కనీయకండి. మన రాష్ట్రంలో 1983లోనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. ప్రైవేటు కళాశాలల యాజమాన్య కోటాకు కూడా నీట్ అర్హత, కౌన్సెలింగు తప్పవు. “ఖాళీ సీటు ఉంది, రేపటిలోగా డబ్బు కట్టండి” అని ఫోను వస్తే అది వల. బంగారం కుదువ పెట్టవద్దు, బోటు అమ్మవద్దు. అలాగే, ఫాదర్ గారి ఉత్తరం ఉంటే సెయింట్ జాన్స్‌లో సీటు వస్తుందనుకునేవారూ ఉన్నారు. జ్ఞానస్నాన పత్రం మీరు కథోలికులని చెబుతుంది. ర్యాంకు చోటున అది నిలవదు.

మూడవది: పోల్చవద్దు. పక్కింటి అబ్బాయికి వచ్చిన సీటు మన అమ్మాయి పళ్లెంలో అన్నం తీసివేయలేదు. చుట్టాలు అడిగినప్పుడు బిడ్డ ముందు నిట్టూర్చకండి.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది: బిడ్డ మౌనాన్ని గమనించండి. తిండి మానేసినా, నిద్రపోకపోయినా, “నేను లేకపోతే మీకు ఖర్చు తప్పుతుంది” వంటి మాట అన్నా, దానిని అలక అనుకోవద్దు. ఒంటరిగా వదలవద్దు. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. విచారణ గురువుల తలుపు కూడా తట్టండి. సీటు పోతే ఇంకో ఏడు ఉంది. బిడ్డ పోతే ఏ కౌన్సెలింగులోనూ తిరిగి రాదు.

ఈ రాత్రి జపమాల ముగిశాక బిడ్డ తలమీద చేయి వేసి ఈ ఒక్క మాట చెప్పండి: “నీకు సీటు వచ్చినా రాకపోయినా నీవు మాకు దేవుడిచ్చిన వరానివే.” పోటు మన చేతిలో లేదు. ఆగిన బోటులో బిడ్డ పక్కన కూర్చోవడం మన చేతిలో ఉంది.

ఇంటిలో కలిసి ఆలోచించండి

1. మన ఎదురుచూపులో అక్వీనాసువారు చెప్పిన నాలుగు లక్షణాలూ ఉన్నాయా?
2. యూస్తు స్థానంలో మనం ఉంటే మరునాడు ఏమి చేసేవాళ్లం?
3. సీటు రాకపోతే ఏమి చేయాలో బిడ్డను అడిగామా, లేక మనమే తేల్చేశామా?
4. మన విచారణలో ఇలా ఎదురుచూస్తున్న మరో ఇల్లు ఏది? ఈ వారం వారిని పలకరించామా?