గుంతను కూడా చదవాలి

చి. అమ్ములుకు,

పురావస్తు శాస్త్రంలో నీ మొదటి క్షేత్ర పర్యటన అమరావతికేనని మీ అమ్మ చెప్పింది. సంతోషం. అక్కడ మహాచైత్యమనే బౌద్ధ స్తూపం దగ్గర గోపురమంత కట్టడం ఉంటుందనుకునేవు! గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాతి పలకలు, అంతే. నీ పాఠం అక్కడే మొదలవుతుంది.

ఆ స్తూపానికి ఒకే వయసు లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక పలకే చూడు. ఒకవైపు బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కుతున్న భక్తులు, అది క్రీ.పూ. 1వ శతాబ్దపు పని. క్రీ.శ. 3వ శతాబ్దంలో శిల్పులు ఆ రాయినే తిప్పి, రెండో వైపు స్తూపాన్ని చెక్కారు. స్తూపం ఎలా ఉండేదో ఈనాడు మనం ఊహించగలుగుతున్నది ఇలాంటి పలకల వల్లే. స్తూపం కథ అక్కడితో ఆగలేదు: 1182లో స్థానిక పాలకుడు కోట కేతరాజు వేయించిన శాసనం ఆ ఊళ్ళోని అమరేశ్వర శివాలయంలో ఉంది. అమరేశ్వరుడితోపాటు బుద్ధుడికీ దానాలిచ్చినట్టు అందులో ఉంది. అందుకని ఏది అసలు, ఏది కొసరు అని తొందరపడి తేల్చకు. ప్రతి పొరనూ దాని కాలంతో సహా రాసుకో.

ఇక ఆ దిబ్బను తవ్విన గుంత సంగతి. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు కొత్త పట్నం కడుతుంటే, రాళ్ళ కోసం దిబ్బను తవ్వారు. కొన్ని పలకలు సున్నపు బట్టీల పాలయ్యాయి. 1816లో సర్వే అధికారి కాలిన్ మెకంజీ తన బృందంతో వచ్చి, దొరికిన పలకలకు బొమ్మలు గీయించాడు. ఆ పలకల్లో కొన్ని తర్వాత కనబడకుండా పోయాయి, బొమ్మలే మిగిలాయి. 1845లో ఎలియట్, 1877లో సెవెల్ అనే బ్రిటిష్ అధికారులు తవ్వారు. 1880లో సర్కారు వారు మధ్యభాగాన్ని పూర్తిగా తోడించేశారు. ఏ రాయి ఏ చోట, ఏ రాయి పక్కన ఉండేదో చెప్పే ఆనవాళ్ళు చాలా అప్పుడే పోయాయి. ఈనాడు శిల్పాలు చెన్నైలో, లండన్‌లో భద్రంగానే ఉన్నాయి కానీ, వాటి వరస మాత్రం పండితుల చర్చల్లోనే ఉంది.

కాబట్టి పరిరక్షణ సిమెంటుతో మొదలవదమ్మా, నోటుబుక్కుతో మొదలవుతుంది. రాయిని కదపకముందే ఫొటో తియ్యి, కొలతలు తీసుకో, దిక్కు గుర్తించు. కళ్ళతో చూసింది ఒక పేజీలో, నీకు తోచింది ఎదుటి పేజీలో రాసుకో. విరిగినచోట అతకాల్సి వస్తే, కొత్త ముక్క కొత్తదని తెలిసేలా ఉండాలి.

మొదటిరోజు ఒక్క పలక చాలు. దాని బొమ్మ గీసి నాకు పంపు. కొలత, ఉత్తర దిక్కు బాణం లేకపోతే మాత్రం తిరుగు టపాలో వెనక్కి వస్తుంది.

ఇట్లు,
తాతయ్య