నాణెం - నాణ్యం

‘నాణెం’, ‘నాణ్యం’ అనే మాటలు మన భాషలో పక్కపక్కనే వినిపిస్తాయి. నాణేల సేకరణకు పూనుకొన్న విద్యార్థి మొదట తెలుసుకోవలసింది ఈ రెండింటికీ గల సంబంధమే. ఒకే టంకశాలలో, ఒకే సంవత్సరంలో ముద్రితమైన రెండు నాణేల వెల ఒకటే కానక్కరలేదు. టంకశాల నుండి వెలువడిన నాటి రూపాన్ని ఏ నాణెం ఎంతవరకు నిలుపుకొన్నదో నిర్ణయించే విధానాన్ని ‘గ్రేడింగ్’ అంటారు.

అరుగుదలను బట్టి నాణేలను పూర్, ఫెయిర్, గుడ్, వెరీ గుడ్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అని మెట్లు మెట్లుగా విభజిస్తారు. చెలామణిలో అరగని నాణెం అన్‌సర్క్యులేటెడ్. ఈ పేర్లు కొత్తవారిని భ్రమింపజేస్తాయి. ‘గుడ్’ అంటే మంచి నాణెమని కాదు. బాగా అరిగి, బొమ్మ రూపురేఖలు మాత్రమే మిగిలినదని అర్థం. అమెరికాలో విలియం షెల్డన్ తమ దేశపు పాత సెంటు నాణేల కోసం 1949లో 1 నుండి 70 వరకు అంకెల కొలమానాన్ని ప్రతిపాదించారు. తరువాత అది ఇతర నాణేలకూ వ్యాపించింది. అందులో 60, ఆపై అంకెలు చెలామణిలో అరగని నాణేలవి.

ఐదవ జార్జి వెండి రూపాయిని ఉదాహరణగా తీసుకొందాం. దాని బరువు 11.66 గ్రాములు. బొమ్మ వైపు రాజు వస్త్రంపై గల హారంలో ఒక చిన్న ఏనుగు ఉంటుంది. 1911 నాటి రూపాయిపై అది పందిలా కనిపిస్తున్నదని ప్రజలు ఆక్షేపించగా, 1912లో ఆ బొమ్మను సవరించారు. నాణెంపై అంత చిన్న గీతకు కూడా విలువ ఉంది. నాణెంలో ఎత్తైన భాగాలే ముందుగా అరుగుతాయి. కనుక కిరీటాన్ని, చెవిని, మీసాన్ని, ఆ ఏనుగును భూతద్దంతో పరిశీలించాలి. ఆ తరువాత బొరుసు వైపు చూడాలి. నాణేన్ని అంచులతో పట్టుకొని దీపం కింద మెల్లగా వంచితే, అరగని నాణెంపై వెలుగు చక్రపు ఆకుల వలె తిరుగుతుంది. అరిగిన చోట ఆ వెలుగు తెగిపోతుంది.

చిన్ననాడు మా నాయనమ్మ పెట్టెలో నల్లబడిన అటువంటి రూపాయి ఒకటి నాకు దొరికింది. ఇత్తడి బిందెను తోమినట్లు చింతపండు, బూడిద పెట్టి తోమాను. అది తళతళలాడింది. చాలా ఏళ్ల తరువాత ఒక పెద్దాయనకు సగర్వంగా చూపించాను. ఆయన భూతద్దం దించి, “రాజుగారి ముఖం అరగలేదు నాయనా! నువ్వే గీకావు” అన్నారు. వెండిపై కాలం పూసిన నలుపు దోషం కాదు. తోమిన గీతలు మాత్రం ఎన్నటికీ పోవు. అటువంటి నాణేనికి అరుగుదల తక్కువైనా ఆదరణ ఉండదు.

కాకి పిల్ల కాకికి ముద్దు. మన నాణెం మన కంటికి ఒక మెట్టు పైననే కనిపిస్తుంది. అమ్మేవాని కంటికి రెండు మెట్లు పైన కనిపిస్తుంది. అందుచేత వెల అడగకముందే గ్రేడును మనమే నిర్ణయించుకొని కాగితంపై రాసుకోవాలి. నాణేలను పరీక్షించి, గ్రేడు నిర్ణయించి, ప్లాస్టిక్ పెట్టెలో భద్రపరచి ఇచ్చే సంస్థలు అమెరికాలో 1980వ దశకం నుండి ప్రసిద్ధికెక్కాయి. అయినా గ్రేడు అన్నది అనుభవజ్ఞుల అభిప్రాయమే కాని తూకం వంటిది కాదు. ఇద్దరు నిపుణులు ఒక మెట్టు తేడాగా చెప్పవచ్చు.

అరుగుదల నాణేనికి అవమానం కాదు. ఎన్నో చేతులు మారి ఎందరి అవసరాలో తీర్చిన గుర్తు. ఉన్నదానిని ఉన్నట్లు చూసి, ఉన్నట్లు చెప్పగలగడమే సేకరించేవాని నాణ్యం.

అర్థాలు

టంకశాల : నాణేలు ముద్రించే చోటు
చెలామణి : వాడుకలో చేతులు మారడం
ఆక్షేపించు : తప్పుపట్టు
బొరుసు : నాణెం వెనుక వైపు

ప్రశ్నలు

1. గ్రేడింగ్‌లో ‘గుడ్’ అనే మాట కొత్తవారిని ఎట్లా భ్రమింపజేస్తుంది?
2. నాణేన్ని తోమడం వల్ల కలిగే నష్టాన్ని రచయిత అనుభవం ఆధారంగా వివరించండి.