పలుకని బిడ్డకు ఏ చికిత్స?

రెండేండ్లు నిండినను బిడ్డ రెండు మాటలు కూర్చి పలుకకున్నయెడల, “వీని తండ్రియు నాలస్యముగనే పలికెను” అని పెద్దలు ఊరడింతురు. అట్లు ఊరడిల్లిన యింటి బాలుడొకడు నా తరగతిలో వెనుకబల్లపై కూర్చుండెడివాడు. మందమతి యనుకొంటిని. వానికి సగమే వినబడుచుండెనని చాలకాలమునకు దెలిసినది.

కావున ఏ చికిత్స మేలని యడుగుటకు ముందు చెవులను పరీక్ష చేయింపుడు. పురిటిబిడ్డకును ఈ పరీక్ష చేయవచ్చును. లోపమున్నచో వినికిడి యంత్రమమర్చి, పిదప వాక్చికిత్స చేయుదురు. అది నాలుకకు కసరత్తు మాత్రమే కాదు. శిక్షకురాలు బిడ్డతో నాడుచు, వాడు చూచిన వస్తువు పేరు పలికి, వాడు బదులు చెప్పువరకు ఓపికతో వేచియుండును. మెడ నిలుపుట, నడచుట ఫిజియోథెరపీ పని. బొత్తాములు పెట్టుకొనుట, అన్నము కలిపి తినుట ఆక్యుపేషనల్ థెరపీ నేర్పును. ఆక్యుపేషన్ అనగా వృత్తి. పసిబిడ్డకు ఆటయే గదా వృత్తి!

2013 లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రములలో పిల్లలను ఉచితముగా పరీక్షింతురు.

శిక్షకురాలు బిడ్డను చూచునది వారమునకు ఒకటి రెండు గంటలే. తక్కిన గంటలన్నియు ఇంటివారివి. తల్లులారా, గదివెలుపల కూర్చుండకుడు. లోనికేగి ఆమె చేయునది చూచి, నీళ్లు పోయునపుడును, అన్నము పెట్టునపుడును అదియే చేయుడు.