వర్డ్‌ప్రెస్ అప్‌డేట్ తర్వాత సైట్ స్లో అయిందా? ఈ 4 చెక్ చేయండి

జగ్గయ్యపేట, నందిగామ వార్తలతో లోకల్ న్యూస్ సైట్ నడుపుతున్నారా? ఫోన్‌లో పేజీ లేటైతే పాఠకులు వార్త చదవకుండానే వెళ్లిపోతారు. అలాగని పాత వెర్షన్‌కి వెళ్లకండి. మూసేసిన సెక్యూరిటీ లోపాలు మళ్లీ తెరుచుకుంటాయి. ముందు బ్యాకప్ తీసి, ఈ వరుసలో చూడండి.

1. సర్వర్: కంప్యూటర్‌లో క్రోమ్ డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో మొదటి లైన్ చూడండి. సర్వర్ జవాబు మొదలవడానికి 0.8 సెకన్లలోపు పడితే మంచిదని గూగుల్ లెక్క. అంతకు మించితే కింది మూడూ చూడండి. సర్వర్ బాగానే ఉంటే ఫొటోల సైజు, థీమ్ చూసుకోండి.

2. ప్లగిన్లు: 'హెల్త్ చెక్' ప్లగిన్‌లో ట్రబుల్‌షూటింగ్ మోడ్ ఆన్ చేస్తే మిగతా ప్లగిన్లు మీ ఒక్కరికే ఆగుతాయి. పాఠకులకు సైట్ మామూలుగానే కనిపిస్తుంది. ఒక్కోటి ఆన్ చేస్తూ పోతే అసలు దొంగ దొరుకుతుంది.

3. పీహెచ్‌పీ: వెర్షన్ ఎంతో 'సైట్ హెల్త్'లో ఉంటుంది. 7.4కి సపోర్ట్ 2022 నవంబర్‌లోనే ఆగిపోయింది.

4. డేటాబేస్: తీసేసిన ప్లగిన్ల సెట్టింగ్స్ కొన్ని అక్కడే మిగిలి, ప్రతి పేజీతోనూ లోడవుతుంటాయి. ఈ ఆటోలోడ్ డేటా 800 కేబీ దాటితే, వర్డ్‌ప్రెస్ 6.6 నుంచి సైట్ హెల్తే హెచ్చరిస్తుంది.

ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ టైమ్ చూడండి. అన్నీ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.